ఎల్బీనగర్ రింగురోడ్డు మీద ఆపిల్ కాబ్లర్

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ ఎంత దూరమని ఎవరిని అడిగినా నాలుగైదు కిలోమీటర్లు, ఇరవై నిమిషాలు అంటారు. ఆ రోజు నాకు మూడు గంటల పది నిమిషాలు పట్టింది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఆ పూట బంద్, పైగా వంటావార్పు. అంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం. బస్సులు లేవు. అలాంటి రోజున ఆరు కిలోల సామాను చంకనెత్తుకుని బుద్ధున్నవాళ్ళెవరూ బయల్దేరరు. నేను బయల్దేరింది యాదమ్మ కోసం.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్‌కొచ్చే అమ్మాయిలుండే హాస్టల్లో వంట చేస్తాను. మాది తెనాలి దగ్గర పల్లె. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు బియ్యం కొలుస్తూ నా అంతట నేనే నేర్చుకున్నాను. ముప్పై ఎనిమిది మందికి ఏ పూట ఎన్ని గ్లాసులు పొయ్యాలో, అందులో ఐదుగురు ఊరెళితే ఎంత తగ్గించాలో కాగితం లేకుండా చెప్పగలను. ఎల్బీనగర్ అవతల అల్మాస్‌గూడ నుంచి వచ్చే యాదమ్మ ఆరేళ్ళుగా నా పక్క పొయ్యి దగ్గర నిలబడింది.

అంతకు పదకొండు రోజుల ముందు, భోజనాల వేళ, టీవీలో ఉద్యమం వార్తలు వస్తున్నాయి. అమ్మాయిలు రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటున్నారు. అన్నం కొంచెం మెత్తనైందని యాదమ్మ అంది. నాకెక్కడ కాలిందో, "మేం రాకముందు మీకు అన్నం వండుకోవడం తెలుసా? తినడం తెలుసా?" అన్నాను. యాదమ్మ చేతులు కడుక్కుంది, టిఫిను డబ్బా తీసుకుంది, వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఫోను ఎత్తలేదు.

తప్పు ఒప్పుకోవడానికి ఉత్త చేతులతో ఎలా వెళ్ళను? పులిహోర తీసుకెళితే అన్నం నేర్పడానికే వచ్చిందంటుంది. సకినాలు కొనుక్కెళితే వెక్కిరించినట్టుంటుంది. అప్పుడు కాబ్లర్ గుర్తొచ్చింది, పిండి మీద పండు ముక్కలు పరిచి కాల్చే ఇంగ్లీషు తీపివంట. రెండు నెలల కిందట ఒక అమ్మాయి పుట్టినరోజుకి, ఆ పిల్లే ఇంటర్నెట్‌లో చూసి చెబితే, నేనూ యాదమ్మా కలిసి చేశాం. అది మా తెనాలిదీ కాదు, ఆమె అల్మాస్‌గూడదీ కాదు.

చెయ్యడం తేలికే. దుకాణాల్లో బేకింగ్ మిక్స్ పొట్లం దొరుకుతుంది. మైదా, పొంగడానికి కావలసిన పొడి, ఉప్పు అన్నీ అందులోనే కలిపి ఉంటాయి. గ్లాసు మిక్స్‌కు గ్లాసు పాలు, ముప్పాతిక గ్లాసు పంచదార, రెండు గ్లాసుల పండు ముక్కలు, యాభై గ్రాముల వెన్న. ఏ గ్లాసైనా సరే, అన్నిటికీ అదే గ్లాసు వాడాలి. నోటు పుస్తకంలో ఇదంతా రాసుకున్నాను. ఆ లెక్క ప్రకారమే నేనొక్కదాన్ని హాస్టల్లో రెండుసార్లు చేశాను. మొదటిసారి నలభై నిమిషాలకు అడుగు మాడింది, పైన పచ్చిపిండి. రెండోసారి సన్నసెగ మీద గంట పెట్టాను. అడుగు అట్టయింది, పైన మళ్ళీ తెల్లగానే ఉంది. అందుకే చేసి పట్టుకెళ్ళే ఆలోచన మానుకుని, సామానే పట్టుకెళ్ళి ఆమెనే అడుగుదామని నిశ్చయించుకున్నాను.

అమ్మాయిలకు రెండు పూటలకూ సరిపడా పులగం వండిపెట్టి ఎనిమిదీ పదికి గేటు దాటాను. మూతున్న పెద్ద సత్తుగిన్నెలో అరకిలో మిక్స్ పొట్లం, రెండు అర లీటరు పాల పాకెట్లు, రెండువందల గ్రాముల వెన్న, పంచదార, ఒక గ్లాసు. పాలకు బంద్ లేదు. పండ్లు మాత్రం దారిలో కొత్తపేట మార్కెట్‌లో తీసుకుందామనుకున్నాను.

బస్టాపులో నలభై నిమిషాలు నిలబడితే ఒక షేర్ ఆటో వచ్చింది. మామూలు రోజు పది రూపాయలు, ఆ రోజు ఇరవై.

"కొత్తపేట దాకనే అక్కా, ఆడికెళ్ళి నడుసుడే," అన్నాడు డ్రైవరు.

నా పక్కన దవాఖానలో డ్యూటీకి పోతున్న నర్సు కూర్చుంది. నా ఒళ్ళోని గిన్నె ఆమె మోకాళ్ళకు గుచ్చుకుంటోంది.

"యాడనన్న పెండ్లి వంటనా అక్కా?" అంది.

"కాదమ్మా. ఒకావిడ మీద నోరు జారాను. తప్పయిందని చెప్పుకోవడానికి వెళుతున్నా."

ఆమె గిన్నె చుట్టుకొలత చూసి, "గింత పెద్ద గిన్నెనా? తప్పు గట్టిదే చేసినట్టున్నవ్," అంది. ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తొమ్మిదీ పదికి కొత్తపేటలో దిగాను. మార్కెట్ గేట్లు మూసి ఉన్నాయి. బయట ఫుట్‌పాత్ మీద సీతాఫలాల గంపలతో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. పండ్లు బాగున్నాయి, చవక కూడా. కానీ సీతాఫలం పొయ్యి మీద పెడితే చేదెక్కుతుంది. చేదు పట్టుకుని క్షమాపణకు ఎవరు వెళతారు? సందులన్నీ తిరిగాను. నాలుగో సందులో, పట్టా కప్పిన బండి కింద ఆపిల్స్ కనిపించాయి.

"అమ్ముతలేను," అన్నాడు బండాయన. "బంద్ గద."

"మరి పట్టా ఎందుకు తీశావయ్యా?"

"గాలికి తీసిన." అటూ ఇటూ చూసి, "ఎంత గావాలె?" అన్నాడు.

మచ్చలున్నవి ఏరి కిలోంపావు తీసుకున్నాను. చెక్కు తీసి కోస్తే ఎనిమిది గ్లాసుల ముక్కలవుతాయి. ఈ వెతుకులాటకే యాభై నిమిషాలు పోయాయి.

అక్కడి నుంచి నడక. వందడుగులకొకసారి గిన్నె చంక మార్చాను. ఇరవై ఏడుసార్లు మార్చాక ఒక కానిస్టేబుల్ ఆపి మూత తీయించాడు. పాలు, వెన్న, పిండి, ఆపిల్స్ చూసి, "ఇదేం వంటమ్మా? ఎవరి తరఫున?" అన్నాడు.

"యాదమ్మ తరఫున సార్," అన్నాను. ఆ పేరుతో ఏ సంఘముందో గుర్తొచ్చినట్టు లేదు. పొమ్మన్నాడు.

దారిలో టీ తాగుతుంటే, అల్మాస్‌గూడకు ఎలా పోవాలని అడిగాను. "అల్మాస్‌గూడ పొయ్యి ఏం జేస్తవ్? ఆ ఊరి ఆడోళ్ళంత రింగు కాడనే ఉన్నరు," అన్నాడు టీ అతను.

పదకొండూ ఇరవైకి రింగురోడ్డు చేరాను. లారీలు తిరిగేచోట పొయ్యిలు వరసగా పొగలు కక్కుతున్నాయి. ఇరవై మూడు లెక్కపెట్టాను. సాగర్ వైపు తిరిగే మలుపులో, పదిహేడో పొయ్యి దగ్గర, కొంగు నడుముకు చుట్టి పప్పు కలుపుతూ యాదమ్మ కనిపించింది. నన్ను చూసి గరిటె ఆపింది.

"ఏం మేడం, అన్నం తినుడు నేర్పనీకొచ్చినవా?"

ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నన్ను మేడం అనలేదు. ఎప్పుడూ అక్కా అనే పిలిచేది.

"కాదు యాదమ్మా. కాబ్లర్ కుదరడం లేదు. రెండుసార్లు చెడింది."

"నీ పుస్తకంల అన్ని ఉంటయి గద. సూస్కో."

"అందులో నేను చేసిందే ఉంది. నువ్వు చేసింది లేదు."

ఆమె మళ్ళీ పప్పులో గరిటె పెట్టింది. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న ముసలామె, యాదమ్మ అత్త పోచమ్మ, తలెత్తి చూసింది.

"ఎవలే గీమె?"

"హాస్టల్ల అక్క."

"గా మాటన్నదేనా?"

"ఆఁ. గామెనే."

పది మంది ఆడవాళ్ళు నా వైపు తిరిగారు. ఆ మాట నాకంటే ముందే వాళ్ళ ఊరు చేరిందన్నమాట. గిన్నె దించడానికి చోటు వెతికే ధైర్యం కూడా లేక అలాగే నిలబడ్డాను. పోచమ్మ కత్తిపీట పక్కకు జరిపింది.

"కూసో బిడ్డా. పొద్దుగాల నుంచి నడిసినట్టున్నవ్. తినుడు మాకు రాదేమో గని, పెట్టుడొస్తది."

దెబ్బలాడినా అంత నొప్పి ఉండేది కాదు. రోడ్డు మీద తెల్లగీత పక్కనే కూర్చున్నాను. ఇస్తరాకులో అన్నం, పప్పు, పచ్చిపులుసు వడ్డించారు. మొదటి ముద్ద దిగలేదు. రెండో ముద్ద నుంచి ఆకలి తెలిసింది. అన్నం మెతుకుకు మెతుకు అంటకుండా ఉంది. దాన్ని పొగిడే అర్హత నాకు లేదని తల వంచుకుని తిన్నాను.

ఒంటిగంటకు పంక్తులు లేచాయి. పొయ్యి ఖాళీ అయింది, నిప్పులు మాత్రం ఇంకా ఉన్నాయి. "ఈ పొయ్యి వాడుకోనా?" అని అడిగాను. యాదమ్మ అంట్లు తోముకుంటూ వీపు నా వైపు తిప్పి కూర్చుంది. నేను మొదలుపెట్టాను. ఆపిల్ ముక్కల్ని సగం పంచదారతో కాస్త మగ్గించి పక్కన పెట్టాను. నా గిన్నెలో వెన్న కరిగించాను. మిక్స్, పాలు, మిగిలిన పంచదార ఉండ లేకుండా కలిపి ఆ వెన్న మీద పోశాను. పైన ముక్కలు పరిచాను. చూస్తున్న ఒకామె గరిటె తీసుకుని కలపబోయింది.

"అయ్యో, కలపొద్దు!" అన్నాను గాభరాగా. "దేనికది విడిగా ఉంటేనే బాగా వస్తుంది."

పోచమ్మ చప్పట్లు కొట్టింది. "ఇన్నరా? తెనాలామె నోటికెళ్ళే వచ్చింది! రాసుకోండ్రి!" ఆ నవ్వు నాలుగు పొయ్యిల అవతలికి పాకింది. యాదమ్మ వీపు కూడా ఒకసారి కదిలింది. కానీ ఇటు తిరగలేదు.

ఒకటీ ఇరవై ఐదుకు మూత పెట్టాను. నలభై నిమిషాలని లెక్కవేసుకున్నాను. రెండూ ఐదుకు మూత మీద చెయ్యి వేశాను.

"ఆగు!"

యాదమ్మ లేచి వచ్చింది. "టైమైందని మూత తీస్తవా? వాసనొచ్చిందా? మీద నిప్పులేవి?"

"మీద నిప్పులా?"

ఆమె రేకు ముక్కతో పొయ్యిలోంచి సగం నిప్పులు తోడి మూత మీద పరిచింది. "కింద సగం, మీద సగం. దమ్ బిర్యానీ లెక్క. ఆ దినం హాస్టల్ల పెనం ఎర్రగ గాల్చి మూత మీద వెట్టిన. ఒకటి సల్లారితె ఇంకోటి. నువ్వు సూడలే. గ్లాసులు లెక్కవెడుతుంటివి."

నిజమే. ఆ రోజు ఆమె నా పక్కనే ఉంది. పాలు ఎన్ని, పంచదార ఎంత అని రాసుకుంటూ నేను ఆమె వైపు చూడలేదు.

ఇంకో ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. నేను గడియారం చూస్తున్నాను, ఆమె గాలి పీలుస్తోంది. "ఇగ వచ్చింది," అంది. మూత తీస్తే పిండి ముక్కల మధ్యలోంచి పొంగి, పైన బెల్లం రంగు తిరిగింది. అంచుల్లో ఆపిల్ రసం బుడబుడమంటోంది. సగం పంచాం. డ్యూటీలో ఉన్న ఇద్దరు పోలీసులు కూడా ఆకు చాపారు.

"పేరు నోరు తిరగదు గని," అంది పోచమ్మ చప్పరిస్తూ, "నోట్ల పల్లు లేకున్న తినొచ్చు. మంచిగనే ఉన్నది."

ధైర్యం చేసి, "యాదమ్మా, ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"ఈడ వద్దు," అంది. ఆ గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ భయమేసింది. "నన్ను అన్ననాడు ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలు ఇన్నరు. ఆల్లల్ల సగం మంది మా దిక్కోల్లు. ఆల్లకు గూడ తగిలింది గద. ఈడ మావోల్ల ముందర అంటె ఏం ఫాయిద? ఆల్ల ముందరనే అను."

"రేపు వస్తావా అయితే?"

"రేపెందుకు? ఇప్పుడే నడు. పనికి కాదు, ఇననీకె ఒస్తున్న."

మూడూ ఇరవైకి తిరుగు ప్రయాణం. మిగిలిన సగం కాబ్లర్ అమ్మాయిలకని గిన్నెలోనే ఉంచాం. చెరో చెవి పట్టుకుని నడిచాం. ఒకరి అడుగు ఒకరు చూసుకోకపోతే గిన్నె ఊగిపోతుంది. ఆ దారంతా మేం మాట్లాడుకున్నది మూడే మాటలు: "మెల్లగ", "గుంత", "జర ఆగు". ముప్పై ఎనిమిది మందికి వండటం నాకు బెరుకు కాదు. వాళ్ళ ముందు నిలబడి నాది తప్పని చెప్పడం తలచుకుంటే, కొత్తపేట దాటేసరికి చెమటలు పట్టాయి. ఈ అమ్మాయిలు నా గొంతు వింటే కంచంలో మెతుకు వదలరు. రేపటి నుంచి నా మాట వింటారా?

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. దూరం నాలుగైదు కిలోమీటర్లే, దారి తప్పేదేమీ లేదు. బంద్ రోజున కూడా తిండికి లోటుండదు, ఎవరో ఒకరు పిలిచి పెడతారు. నేను ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ, వండి పెట్టేదాన్ని నేనేననుకున్నాను. ఇక్కడివాళ్ళు నన్ను కూర్చోబెట్టి వడ్డించడం ఆ రోజే మొదటిసారి.

నాలుగూ యాభైకి హాస్టల్ చేరాం. ఐదింటి టీకి అమ్మాయిలంతా హాల్లోకి వచ్చారు. యాదమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది, చెప్పులు విప్పలేదు. నేను గిన్నె బల్ల మీద పెట్టి, నిలబడాల్సిన చోట నిలబడ్డాను.

"ఆ రోజు ఇక్కడే నిలబడి యాదమ్మనొక మాటన్నాను. అది తప్పు మాట. అబద్ధం కూడా. మధ్యాహ్నం వాళ్ళు వండిన అన్నం తిని వచ్చాను. నన్ను క్షమించమని యాదమ్మను అడుగుతున్నాను. మీలో ఎవరికి తగిలిందో, వాళ్ళనూ అడుగుతున్నాను."

వెనక బల్ల దగ్గర నల్గొండ అమ్మాయి ఒకతి తల దించుకుని కళ్ళు తుడుచుకుంది. యాదమ్మ గుమ్మంలోంచే ఆ పిల్లను పలకరించింది.

"గిన్ని దినాలు ఎట్ల తిన్నరు బిడ్డా?"

"తిన్నమని ఎవరు చెప్పిన్రు ఆంటీ?" అంది ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ.

హాలు గొల్లుమంది. నా పరువు మొత్తం ఆ నవ్వులో పోయింది. యాదమ్మ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది.

"నవ్వింది సాలు, కంచాలు దెచ్చుకోండ్రి," అని వాళ్ళను గదమాయించి, నా వైపు తిరిగింది. "అక్కా, జర గరిటె ఇటియ్యి."