దిష్టి తీసుకుపోని చేప

మా కింది అంగడి మామ పోయాడని గురువారం పొద్దున అత్త ఫోన్ చేసింది. ఏడవలేదు. "మామ తెల్లారుతానే పోయినాడు పాపా. నువ్వొక్కసారి రా. చేపకు మేత వెయ్యాల, నాకు చెయ్యాడ్తా లేదు" అంది. మనిషి పోయిన ఇంట్లో చేప మేత గొడవేమిటని మావారు నా మొహంకేసి చూశారు. నాకేమీ వింతగా అనిపించలేదు. కర్నూలులో బస్సెక్కి నంద్యాల దాటేదాకా ఆ చేప గురించే ఆలోచించాను. మామ గురించి ఆలోచిస్తే బస్సులోనే ఏడ్చేదాన్ని.

ఆయనకూ నాకూ చుట్టరికమేమీ లేదు. కడపలో జూనియర్ కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే రోజుల్లో ఆయన అంగడి మీది మేడలో అద్దెకుండేవాళ్ళం. ఆయన నన్ను పాపా అనేవాడు, నేను ఆయన్ను మామా అనీ, ఆయన భార్యను అత్తా అనీ పిలిచేదాన్ని. అంగడి రంగు చేపలది. తాతల కాలం నుంచి పప్పులూ బెల్లమూ అమ్మిన ఇల్లు, నీచు గడప తొక్కని ఇల్లు. అలాంటి ఇంట్లో పుట్టి చేపలంగడి పెట్టాడని బజారంతా ఆటపట్టించేది. "ఏమప్పా, తినేది లేదు, అమ్మేది మాత్రం చేపలా?" అంటే, "తినేవాడు అమ్మితే సరుకు మిగల్దప్పా" అనేవాడు మామ.

అంగడి నడిమధ్యలో సముద్రపు చేపల గాజు తొట్టి ఉండేది. అది ఆయన ప్రాణం. మా వీధి బోరు నీళ్ళలో కందిపప్పే సరిగా ఉడకదు, సముద్రపు చేప ఏం బతుకుతుంది? అందుకని మేడ మీద డ్రమ్ములు పెట్టి వాన నీళ్ళు పట్టేవాడు. మబ్బు కమ్మితే అందరం ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కేవాళ్ళం, ఆయన డ్రమ్ముల మూతలు తీయడానికి ఎక్కేవాడు. చాలాసార్లు మబ్బు పోయేది, ఆయన తిరిగి మూతలు పెట్టుకుని దిగేవాడు. ఆ నీళ్ళలో మద్రాసు నుంచి తెప్పించిన ఉప్పు కలిపి, ఉప్పు ఎంతుందో చూపే గాజు కొలగొట్టం వేసి చూసి, ఆఖరుకు వేలు ముంచి నాలిక చివర పెట్టుకునేవాడు. కొలగొట్టం మీద కన్నా ఆయనకు నాలిక మీద నమ్మకం. ఇది చూసి అత్తకు రోత. నోరు పుక్కిలిస్తే గానీ వంటింట్లోకి రానిచ్చేది కాదు.

ఇప్పుడు ఆయన చేసిన తప్పు చెప్పాలి. పోయినవాళ్ళ తప్పులు చెప్పకూడదంటారు గానీ, ఈ తప్పు చెప్పకుండా మామ మంచితనం చెప్పడం నాకు చేతకాదు.

అంగడి పెట్టిన కొత్తలో ఒక కంట్రాక్టరు గృహప్రవేశానికి సముద్రపు చేపలు కొన్నాడు. మూడో రోజుకు చేప చచ్చింది. కొత్తింట్లో చావు. ఆయన మనుషులను వెంటేసుకుని అంగడి మీదికి వచ్చాడు. మామ భయపడి, "చేప పోయిందంటే మంచిదే కదన్నా. మీ ఇంటి మీదుండే దిష్టంతా అది తీసుకోని పోయింది" అన్నాడట. కంట్రాక్టరు మొహం విప్పారింది. ఇంకో రెండు చేపలు కొనుక్కుని పోయాడు.

ఆ మాట ఊరంతా పాకింది. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడితే కుళ్ళగానే మార్చినట్టు, చేప చస్తే మార్చడం మొదలుపెట్టారు. నెలకొకటి చచ్చినా ఎవరికీ బాధ లేదు. పైగా ఎంత తొందరగా చస్తే అంత దిష్టి పోయినట్టు లెక్క. రాయచోటి నుంచి కూడా వచ్చి కొనుక్కుని పోయేవాళ్ళు. నేను మెట్లు దిగుతూ ఆ మాటలు రోజూ వినేదాన్ని. పుస్తకాలు చదివినదాన్ని, అది ఉత్త మాటని నాకు తెలుసు. ఇంటివాళ్ళతో పేచీ ఎందుకని నవ్వి ఊరుకునేదాన్ని.

రెండు వేలు దాటిన కొత్తలో సముద్రగుర్రాలు, పగడాలు, ఇంకా కొన్ని సముద్రజీవులను పట్టకూడదు, అమ్మకూడదని చట్టంలో చేర్చారు. అటవీ శాఖవాళ్ళు జాబితా పట్టుకుని మా అంగడికీ వచ్చారు. మామ తొట్టిలో అలంకారానికి పెట్టిన పగడపు కొమ్మ తీసి మర్యాదగా వాళ్ళ చేతికిచ్చాడు. జాబితాలో తను అమ్మే చేపలు లేవు. ఇంకొకరయితే సంతోషించేవాళ్ళు. ఈయన ఆ సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి, "గుర్రానికి రూలు పెట్టినారు, కొమ్మకు పెట్టినారు. ఆ కొమ్మ సందులో ఉండే చేపకు ఏమీ ల్యాకపాయనే. ఏం పాపా?" అని అడిగాడు. ఇలాంటి రంగు చేపలను పట్టడానికి మన దగ్గర ఇంకా పద్ధతంటూ ఏర్పడలేదు మామా అన్నాను. ఆ మాట ఆయన్ను వదల్లేదు.

ఆ ఏడు అత్త మొక్కు ఉండి ఇద్దరూ రామేశ్వరం పోయారు. దర్శనమయ్యాక అత్తను సత్రంలో ఉంచి, ఆయన తన చేపలు ఎక్కడ పుడతాయో చూడాలని సముద్రపు ఒడ్డున తిరిగాడు. మద్రాసు బేరాల వల్ల అరవం వచ్చు. నీళ్ళలో మునిగి చేపలు పట్టే ఒక మనిషి దొరికాడు. ఊరికి వచ్చిన రోజు సంచులు కూడా దించకముందే మా మేడెక్కి వచ్చాడు మామ.

"కొందరు సీసాలో విషం కలుపుకోని మునుగుతారంట పాపా. పగడపు సందులో చల్లితే చేప మత్తెక్కి బయటికి వస్తాదంట. చేత్తో పట్టుకోవచ్చంట. ఆ కొమ్మేమో తెల్లగా అయిపోయి చస్తాదంట. చేప మాత్రం ఈడిదాకా వస్తాది, మేత తింటాది, బాగుండేట్టే ఉంటాది. లోపల కాలిపోయుంటాది. నాలుగు వారాల్లో పోతాది." సంచులు అప్పుడు దించాడు. "నేనేమో దిష్టి తీసుకోనిపోయింది అని చెప్తాండా."

మళ్ళీ ఆయనే అడిగాడు. "దిష్టి మాట అబద్ధమని నీకు తెలుసు కదా పాపా. సదువుకున్నదానివి. ఎందుకు చెప్పల్యా?"

కోపంగా అడిగుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. క్లాసులో నలభైమందికి పాఠం చెప్పి, మెట్ల కింద ఒక్క మనిషికి చెప్పలేకపోయానే అన్న సిగ్గు నాకు అప్పుడు పట్టుకుంది, ఇంకా పోలేదు.

అందరూ రామేశ్వరం నుంచి తీర్థం తెచ్చుకుంటారు. మామ చేపను తెచ్చుకున్నాడు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే జోకర్ చేప. ఆ మనిషి చిన్న వలతో మామ కళ్ళముందే పట్టిచ్చాడట. రైల్లో సీటు మీద నీళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని, గాలి కొట్టే చిన్న బ్యాటరీ మిషను చేత్తో పట్టుకుని కడపదాకా కూర్చున్నాడు. "తీర్థం చెంబు నా నెత్తిన పెట్టినాడు, చేపను తన ఒళ్ళో పెట్టుకున్నాడు" అని అత్త చానాళ్ళు సాధించింది.

మరునాడు అంగడి ముందు రేకు బోర్డు వెలిసింది. మామ స్వహస్తాలతో రంగు వేసి రాసింది. "చేప చస్తే దిష్టి పోదు. చేపే పోతుంది. ఇంతకుముందు నేను చెప్పింది తప్పు." అక్షరాలు ఒకవైపు ఒరిగి ఉండేవి. బజారంతా చదివింది. కొందరు నవ్వారు, కొందరు బేరం మానుకున్నారు. ఒకావిడకు మాత్రం చాలా కోపం వచ్చింది. ఆమె కొడుకు అంతకుముందు ఏడు విషజ్వరంతో మంచాన పడి లేచాడు. ఇంట్లో చేప చచ్చిన రోజే జ్వరం దిగింది.

"ఇప్పుడొచ్చి తప్పని రాస్తే ఎట్లన్నా?" అని అంగట్లో నిలబడి అడిగింది. "ఆ చేపే నా బిడ్డను కాపాడిందని నేను మొక్కుకుంటి. మళ్ళ వానికేమన్నా అయితే ఎవరిది బాధ్యత?"

మామ స్టూలు దిగి వచ్చాడు. "తల్లీ, నువ్వు ఇరవై దినాలు నిద్రల్యాకుండా తడిగుడ్డ వేస్తివి. డాక్టరు సూదులేసె. దానితో లేచినాడు నీ కొడుకు. దాంట్లో చేపకు వాటా ల్యా. నీ కష్టం తీసి చేపకిచ్చి, దాన్ని నేను అమ్ముకున్నా. అదీ నేను చేసిన తప్పు."

ఆమె అంగడి దిగి వెళ్ళిపోయింది. నేను మెట్ల మీదే కూలబడి ఏడ్చాను, ఎందుకో.

అక్కడితో ఊరుకోలేదు మామ. నాచేత అర్జీ రాయించాడు. సముద్రపు రంగు చేపలు పట్టడం మొత్తంగా నిషేధించండి అని రాయబోతే పెన్ను పట్టుకుని ఆపేశాడు. "వద్దు పాపా. ఆ మునిగేటాయప్ప ఏం తినాల? పట్టనీ. ఎన్ని పట్టాల, ఏ నెలల్లో పట్టకూడదు, దేనితో పట్టాల, దానికొక పద్ధతుండాల. ప్రతి సంచికీ ఒక చీటీ ఉండాల, ఎవరు పట్టినారు, యాడ పట్టినారు, ఎట్ల పట్టినారు అని. చీటీ ల్యాకపోతే నేను కొనకూడదు, నేను అమ్మకూడదు. అంతే రాయి." చివరి పేరాగా దిష్టి సంగతి కూడా రాయమన్నాడు. అర్జీలో తన తప్పు తానే రాసుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే చోటికి ఇద్దరం పోయాం. పింఛన్లు, రేషన్ కార్డులు, తాగునీళ్ళ అర్జీల మధ్య మాది ఒకటి. తీసుకునే గుమాస్తా పైనుంచి కిందికి చదివి, నవ్వు ఆపుకుంటూ, "సముద్రపు చేపలా? కడపలో సముద్రం యాడుండాది పెద్దాయనా?" అన్నాడు. వెనక వరుసలో నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. మామకు మండలేదు. "సముద్రం ఈడ ల్యా సారూ. కొనేవాళ్ళు ఈడ ఉండారు" అన్నాడు.

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. కొన్ని నెలలకు, అర్జీని సంబంధిత శాఖకు పంపామని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. మామ రెండు మూడుసార్లు అడగమన్నాడు, నేను మళ్ళీ రాశాను, అదీ అంతే. "గవర్మెంటు పెట్టేదాకా ఇది మన అంగడి రూలు" అని, మేడ మీద సిమెంటు తొట్లలో తాను పెంచిన మంచినీటి చేపలే అమ్మడం మొదలుపెట్టాడు. ప్రతి సంచికీ ఒక చీటీ. "ఈ అంగట్లోనే పుట్టింది" అని ఉండేది దాని మీద. బేరం సగానికి పడింది. అత్త సణిగింది గానీ చీటీలు కత్తిరించి పెట్టేది ఆమే.

జోకర్ చేప మాత్రం నడిమి తొట్టిలో ఒంటరిగా ఉండిపోయింది. అమ్మకానికి కాదు. "ఇది వలతో పట్టింది. మీ ఇండ్లల్లో ఉన్నవి ఎన్నాళ్ళు బతికినాయో మీకే తెలుసు" అని వచ్చినవాళ్ళకు చూపించేవాడు. పొద్దున అంగడి తీయగానే ఉంగరంతో అద్దం మీద రెండుసార్లు కొట్టేవాడు, అది చుట్టూ తిరిగి వచ్చి వేలికెదురుగా నిలబడేది. ఏడేళ్ళు దాటింది. నాకు కర్నూలు బదిలీ అయి వచ్చేశాక ఫోనులో మొదట అడిగేది చేప బాగుందా అనే. "దానికేం, నాకన్నా బాగుండాది" అనేవాడు. గుండె జబ్బు మొదలయ్యాక కూడా అదే జవాబు.

నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అంగడి ముందు చావిడిలో పడుకోబెట్టారు. మొహం ఎప్పటిలాగే ఉంది, ఏదో అడగబోతున్నట్టు. తీసుకుపోయే ముందు మైదుకూరు నుంచి వచ్చిన చుట్టమొకాయన, "ఆ చేపన్నా పోయుంటే ఈయప్ప బతికేటోడేమో" అన్నాడు, ఎవరితోనూ కాదు, మామూలుగా. పాపం, ఆయనకేమి తెలుసు. అత్త తల ఎత్తి ఆయనకేసి చూసి మళ్ళీ దించుకుంది.

మగవాళ్ళు తీసుకుని వెళ్ళాక అత్త నన్ను అంగట్లోకి తీసుకుపోయింది. తొట్టి ముందు నిలబడి, నాకేసి చూడకుండా చెప్పింది.

"పోయిన నెల మామ ఆస్పత్రిలో ఉన్నెప్పుడు, రెండు దినాలు దీనికి మేత వెయ్యల్యా పాపా. పోతే పోనీ, ఆయన దిష్టి తీసుకోని పోనీ అనుకున్నా. మూడోనాడు అంగడి ముందర బోర్డు చదివినా. ఇన్నేండ్లు ఆ బోర్డు కింద నడిచినా, ఎప్పుడూ చదవల్యా. చదివి లోపలికొచ్చి మేత వేసినా. ఆయన ఇంటికొచ్చి చూసినాడు, చిక్కిందే అన్నాడు. నేను చెప్పేసినా. నా చెయ్యి పట్టుకున్నాడు. దాని ఆయుస్సు దానిది, నాది నాది, నువ్వు మాత్రం అన్నం తిను అన్నాడు."

ఆమెను దగ్గరికి తీసుకున్నాను.

డబ్బా తీసి చిటికెడు మేత వేశాను. చేప రాలేదు. అద్దం మీద వేలితో కొట్టాను, అయినా రాలేదు. నా వేలికి ఉంగరం లేదు. అత్త కళ్ళు తుడుచుకుని ముందుకు జరిగింది. కొట్టలేదు. చూపుడు వేలు తొట్టిలో ముంచి, తీసి, నాలిక చివర పెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆయన్ను నోరు పుక్కిలించమన్న మనిషి.

"ఉప్పెక్కువైండాది పాపా" అంది. "ఆయన మంచం మీదుండంగ నీళ్ళు ఇగిరిపాయ, పోసేవాళ్ళు ల్యాకపాయ. మీద డ్రమ్ములో వాన నీళ్ళుండాయి, చెంబుతో తేపో."

నేను మేడెక్కి, మూత తీసి, చెంబు ముంచి దిగి వచ్చేసరికి ఆమె అక్కడే ఉంది. వేలు మళ్ళీ నీళ్ళలో ఉంది. చేప తొట్టి మూల నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఆ వేలికెదురుగా నిలబడి ఉంది.