నల్లబడని గోడ

మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం నాది. చిత్తూరు పక్కన, తోతాపురి కాయల లారీలు గేటు ముందు బారులు తీరే కాలమంతా నాకు ఎవరి మాటా నమ్మబుద్ధి కాదు. కాయ బాగుందన్నవాణ్ణి నమ్మను, డబ్బా కడిగానన్నవాణ్ణి అసలే నమ్మను. పోలీసు ఉద్యోగానికి పోవాల్సినదాన్నని ఇంట్లో ఎగతాళి చేస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

ఆ సీజనులో నా అనుమానమంతా ఒక గోడ మీద పడింది. కాయలు కోసే హాల్లో పొద్దస్తమానం ఆవిరి, గాలిలో తీపి. పని మొదలైన కొన్నాళ్లకే గోడలకు నల్ల చుక్కల బూజు పడుతుంది. తనిఖీకి వచ్చేవాళ్ల కళ్లు ముందు దాని మీదికే పోతాయి. తిరుపతి నుంచి రంగుల ఏజెంటు ఒకాయన వచ్చి, తన రంగు వేస్తే బూజన్నదే పట్టదని మేనేజరుకు చెప్పాడు. "కావాలంటే రాసిస్తా సార్" అన్నాడు. అడగకుండానే రాసిస్తాననేవాణ్ణి చూస్తే నాకు ఇంకా అనుమానం. ముందు పరీక్ష పెట్టి చూద్దామన్నాను.

బూజు ఎప్పుడూ ముందు మొదలయ్యే మూలలో గోడ కడిగించి, మూడు చదరాలు పక్కపక్కనే వేయించాను. ఒకటి ఏజెంటు రంగు, ఒకటి వేరే కంపెనీది. మూడోది బూజును ఆపే మందేమీ లేని మామూలు రంగు. అది నల్లబడి తీరాలి. అది నల్లబడితేనే అక్కడ బూజు నిజంగా పెరుగుతోందని, మిగతా రెండూ తట్టుకున్నాయని చెప్పగలం. నాకు చూసుకోవడానికి వీలుగా మూడింటినీ మొహం ఎత్తులోనే వేయించాను.

కొన్నాళ్లకు పైనా పక్కలా గోడంతా నల్లబడింది. మూడు చదరాలూ తెల్లగానే ఉన్నాయి.

ఏజెంటు వచ్చి తన చదరం పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాడు. "సూడండి మేడమ్, పెండ్లికి సున్నం కొట్టినట్టుండాది" అన్నాడు. నా కళ్లు మాత్రం మూడోదాని మీదే ఉన్నాయి. మందు లేని రంగు తెల్లగా ఎట్లా ఉంటుంది? ఎవరో తుడుస్తున్నారు. ముందు ఏజెంటునే అనుకున్నాను. కానీ అతనైతే తనదే తుడిపించుకుంటాడు గానీ పోటీవాడిదెందుకు? దొరక్కూడదని మూడూ తుడిపిస్తున్నాడేమో. లేదా హాలు చూసుకునే మేస్త్రీ అయ్యుండాలి. పనివేళ ఈ రంగుల గోలేమిటని మొదట్నుంచీ సణుగుతూనే ఉన్నాడు. టీ దగ్గర అతను "ఏం మేడమ్, మీ రంగులెట్లుండాయి?" అని నవ్వితే ఆ నవ్వును కూడా మనసులో పెట్టుకున్నాను.

చివరికి ప్రతి చదరం మీదా పెన్సిలుతో సన్నటి గీత గీసి వదిలేశాను. పగటి షిఫ్టు దిగేసరికి మూడు గీతలూ లేవు.

మర్నాడు ఖాళీ బుట్టల చాటున నిలబడ్డాను. చదరాల కిందే, గోడకు ఆనించి కాయలు కోసే బల్ల ఉంది. అక్కడ ఐరాల వైపు నుంచి బస్సులో వచ్చే ఒకామె పనిచేస్తుంది. ఏటా సీజనుకు వస్తుంది, వయసులో నాకంటే బాగా పెద్దది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఆమె అటూ ఇటూ చూసి, కాయలు ముంచే బ్లీచింగ్ నీళ్లలో గుడ్డ తడిపి, తన ఎదుటి గోడను చదరాలతో సహా తుడవడం మొదలుపెట్టింది. ఒళ్లు మండిపోయింది నాకు.

"ఎవురు చెప్పినారమ్మా తుడవమని? ఆ రంగులాయన నీకేమిచ్చినాడు?" అన్నాను దగ్గరికి పోయి.

ఆమె ఉలిక్కిపడి గుడ్డ కింద పెట్టింది. "రంగులాయన యెవురో నాకు తెల్దు మేడమ్. ఆ నలుపు మొగానికి ఎదురుగా ఉంటే నాకు ఊపిరాడదు. పోయినేడూ తుడుసుకుంటానే ఉండినా."

నేను నమ్మలేదు. ఉబ్బసమే ఉంటే పనిలో చేరేటప్పుడే చెప్పి ఉండాలి కదా అని గదమాయించాను.

"సెప్తే పెట్టుకుంటారా మేడమ్? దగ్గే మనిషిని కాయల కాడ నిలబెడతారా?" అంది. ఆమె మాట్లాడుతుంటే ఛాతీలోని పిల్లికూతలు నాకు కూడా వినిపించాయి. "మేస్త్రీకి మాత్రం సెప్పాకండి. ఈ పని పోతే ఇంగ యాడికి పోయేది?"

నాకు చాలా సిగ్గేసింది. ఎవరికీ చెప్పను అక్కా అని మాటిచ్చాను.

పరీక్ష మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి రంగులు సిమెంటు రేకు ముక్కల మీద వేయించి, ఎవరూ పనిచేయని ఆవిరి గదిలో వేలాడదీసి తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. మామూలు రంగు నల్లబడింది. కొంచెం ఆలస్యంగా ఏజెంటు రంగూ, ఆ తర్వాత రెండో కంపెనీదీ నల్లబడ్డాయి. నా అనుమానం గెలిచినందుకు సంతోషంగానే ఉండింది. ముక్కలు తీసుకుపోయి మేనేజరు ముందు పెట్టాను.

"మరి గోడ మీదివి తెల్లగుండినాయే?" అన్నాడు.

దానికి జవాబు ముందే సిద్ధం చేసుకున్నాను. అక్కడ పనిచేసే ఆమెకు శుభ్రం ఎక్కువని, కంటి ముందు మురికి కనబడితే ఊరుకోలేక తుడిచేసిందని చెప్పాను. ఉబ్బసం మాట రాలేదు, పైగా ఆమెకు మంచి పేరు. అబద్ధం బాగా అమరిందనుకున్నాను.

మేనేజరు లేచి హాల్లోకి నడిచాడు. నేనూ వెనకే పోయాను. ఆమె బల్ల దగ్గర ఆగి, ఎదుటి గోడను వేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు.

"ఇంత బాగా తుడిసే మనిషి మన దగ్గరే ఉంటే రంగెందుకు మేడమ్?" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, రేపట్నుంచి నువ్వు కాయలు కోసేది వద్దు. హాలంతా గోడలు నువ్వే సూసుకో. బూజు యాడ కనబడినా తుడిసెయ్యి."

నాలుగు గోడలూ పైదాకా నల్లగా ఉన్నాయి. ఆమె నా వైపు చూసింది. నేను నోరు తెరిస్తే ఆమె పని పోతుంది. తెరవకపోతే ఆ బూజంతా ఆమె పీల్చాలి. అంతలోనే ఆమె "సేస్తా" అంది. ఊపిరి తీసుకోవడానికి ఆగి, "సార్" అంది.