పీట పిన్ని పద్దెనిమిదో ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కొని చూడు అని మాత్రం అనలేదు. వాళ్ల కాలంలో బ్రోకర్లు లేరు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే ఆ సామెతకి ఇంకో రెండు ముక్కలు అతికించి, చివర్లో "పీట పిన్నిని వెంట తీసుకెళ్లి చూడు" అని కూడా కలిపేవారు.

పీట పిన్నిని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఆవిడ పని బట్టలు కుట్టడం. కిటికీ పక్కన మిషన్ వేసుకుని గౌన్లు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కానీ పేరొచ్చింది కుట్టడంలో కాదు, కూర్చోవడంలో. ఎవరైనా ఇల్లు కొనాలనుకుంటే ముందు ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "పిన్నీ, ఒక్కసారి వచ్చి చూసి పెట్టవా" అంటారు. ఆవిడ చెక్కపీట ఒకటి చంకన పెట్టుకుని బయల్దేరుతుంది. ఆ ఇంట్లో ప్రతి గదిలోనూ పీట వేసుకుని, తలుపులు మూయించి, పావుగంట పలక్కుండా కూర్చుంటుంది. అదేమిటని అడిగితే, "నిలబడి చూసేవాడికి గోడలే కనిపిస్తాయి నాయనా, కూర్చుంటేగానీ కాపురం కనిపించదు" అంటుంది.

ఈ విద్య ఆవిడ ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో పదకొండు అద్దె ఇళ్లు మారింది. ఒక్కో ఇల్లు ఒక్కో పాఠం చెప్పి, ఫీజు కూడా గట్టిగానే రాబట్టింది. మొదటి ఇంట్లో వంటగదికి పడమటి కిటికీ. సాయంత్రం పొయ్యి మీది గిన్నెతో పాటు తనూ ఉడికేది. రెండో ఇంటి పైవాటాలో ఉండేవాళ్లకి కుర్చీని ఎత్తి జరపవచ్చన్న సంగతే తెలియదు. నాలుగో ఇంట్లో గోడవారగా పెట్టిన పెట్టెలో పెళ్లినాటి చీర బూజు పట్టిపోయింది. ఆ చీర మాట ఇప్పటికీ ఎవరూ ఆవిడ ముందు ఎత్తరు. ఏడో ఇంట్లో ఒక కుళాయి విప్పితే రెండోది ఆగిపోయేది. భర్త స్నానానికి వెళ్లాడంటే ఆవిడ సబ్బు చేతులతో గిన్నెల ముందు నిలబడి, ఆయన ఎప్పుడు బయటికొస్తాడా అని ఎదురుచూసేది.

అందుకే ఇప్పుడు ఎక్కడికెళ్లినా కుళాయిలన్నీ ఒకేసారి విప్పిస్తుంది. అల్మారా తలుపు తీసి, తల లోపలికి పెట్టి వాసన చూస్తుంది. సంచిలోంచి గోళీకాయ తీసి నేల మీద వదులుతుంది. అది ఏ మూలకి దొర్లితే రేపు కడిగిన నీళ్లూ ఆ మూలకే చేరతాయని లెక్క. పక్కింటి సంగతులు పెద్దవాళ్లని అడగదు, పిల్లల్ని అడుగుతుంది. పెద్దవాళ్లు మర్యాద కోసం అబద్ధమాడతారట, పిల్లలకి ఇంకా అంత మర్యాద రాలేదట. అన్నింటికన్నా ముఖ్యం, అమ్మేవాళ్లు రమ్మన్న వేళకి వెళ్లదు. ఒకసారి మిట్టమధ్యాహ్నం వెళ్తుంది, ఒకసారి బడి వదిలే వేళకి వెళ్తుంది, మూడోసారి వాన కురుస్తుండగా వెళ్తుంది. ఈ మూడూ చూడకుండా ఎవరూ ఔననకూడదని ఆవిడ శాసనం.

ఒకసారి ఆవిడ చెల్లెలి కూతురు, అల్లుడు ఒక ఇంటి మీద మనసు పడ్డారు. పిన్ని పీటతో సహా దిగింది. ఇల్లంతా పాత రంగు. వెనక గదిలో ఒక్క గోడకి మాత్రం తళతళలాడే కొత్త రంగు.

"ఈ గోడ చేసుకున్న పుణ్యం ఏమిటో?" అని అడిగింది.

"అందం కోసం వేయించారమ్మా," అన్నాడు బ్రోకరు.

"అందం కోసమైతే హాల్లో వేయించుకుంటారు గానీ, బాత్రూం ఆనుకున్న గోడకి వేయిస్తారా నాయనా? ఆ బీరువా కాస్త జరుపు."

బీరువా చాలా బరువని, నడుం నొప్పని, తాళాలు లేవని బ్రోకరు చెప్పిన కథలన్నీ విని, పిన్ని పీట మీద తీరిగ్గా కూర్చుంది. చివరికి అల్లుడే జరిపాడు. బీరువా వెనక గోడ బొబ్బ లేచినట్టు ఉబ్బి ఉంది. గోరు పెడితే పెళ్ల ఊడి చేతిలోకి వచ్చింది. అప్పట్నుంచి ఆ బ్రోకరు ఎదురుపడినప్పుడల్లా చేతులు జోడించి, "మీరెన్నిసార్లయినా రండమ్మా, ఆ పీటని మాత్రం ఇంట్లో ఉంచి రండి" అని బతిమాలుకునేవాడు.

ఇంత తెలిసిన మనిషికి సొంతిల్లు లేదు. ఇళ్లు దొరక్క కాదు, కొనుక్కోలేక కూడా కాదు. ఆవిడ భర్త సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇద్దరూ కూడబెట్టుకున్నదీ, ఆయనకి అప్పుడొచ్చిందీ కలిపితే చిన్న ఇంటికి సరిపోతుంది. కానీ రెండేళ్లుగా తమ కోసం చూసిన పదిహేడు ఇళ్లనీ పిన్ని వద్దంది. ఒకటి చీకటి, ఒకటి మరీ వెలుతురు. ఒక ఇంటి మెట్లు నిటారుగా ఉన్నాయి, ఒక ఇంటి ఎదురు వాటాలో కుక్క ఉంది. పద్నాలుగో ఇంట్లో వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదంటే ఏదో గట్టిగానే దాచారన్నమాట అని దాన్నీ వద్దంది. కోడిగుడ్డుకి ఈకలు పీకడంలో ఆవిడని మించినవాళ్లు లేరని చుట్టుపక్కల అనుకునేవాళ్లు. ఆవిడ ముందు కాదులెండి.

కండక్టరు సహనం గలవాడు. ముప్పై ఏళ్లు చిల్లర లేదన్న ప్రతి ప్రయాణికుడితోనూ నవ్వుతూ మాట్లాడిన మనిషి. ఆయన కోరిక చాలా చిన్నది. ఎవరినీ అడక్కుండా గోడకి ఒక మేకు కొట్టుకోవాలని. "ఊళ్లో అందర్నీ వాళ్ల స్టాపుల్లో దింపానోయ్. నా స్టాపు మాత్రం రావట్లేదు" అని అప్పుడప్పుడు అనేవాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఇలా ఉండగా, పదకొండో ఇంటి ఓనరు వచ్చి తన కూతురి కుటుంబం వచ్చేస్తోందని, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలని చెప్పాడు. సరిగ్గా అప్పుడే తెలిసింది పద్దెనిమిదో ఇంటి సంగతి.

ఆ ఇంటావిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్లు గుమ్మం మెట్లు కూడా ఎక్కనివ్వక, అక్కగారి దగ్గరికి వెళ్లిపోతోంది. పిన్ని ఒకసారి మధ్యాహ్నం, ఇంకోసారి బడి వదిలే వేళ వెళ్లింది. మొదటిసారి నర్సమ్మ ఇంట్లో లేదు, ఆవిడ అక్క కొడుకు తాళం తీసి చూపించాడు. రెండోసారి ఆవిడే ఉంది. పిన్ని పీట వేయబోతుంటే ఆపింది.

"ముందు నేను చెప్పేది వినండి, తర్వాత కూర్చుందురు గాని. బాత్రూంలో వాలు తిరగబడింది. స్నానమయ్యాక నీళ్లు చీపురుతో తోయాలి. వంటింటి కిటికీ గాలికి టపటపా కొట్టుకుంటుంది, అందుకే అట్టముక్క దోపాను. నేల మీద ఈ మూడు పలకలూ డొల్ల. పక్కింటాయన పొద్దున్నే పాటలు పాడతాడు. గొంతు బావుండదు, మనిషి మంచివాడు. వీధి గుమ్మం తలుపు వానాకాలం ఉబ్బుతుంది, భుజంతో తోస్తే వస్తుంది."

పిన్ని చేతిలో గోళీకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ జన్మలో మొదటిసారి ఒక ఇంట్లో ఆవిడకి పని లేకుండా పోయింది. పీట మీద కూలబడి, కాస్త కోపంగానే అడిగింది.

"ఇన్ని చెప్పుకుంటే ఎవరు కొంటారండీ?"

"చెప్పకపోతే కొన్నవాళ్లు రోజూ నన్ను తిట్టుకుంటారు. ఈ వయసులో నాకెందుకండీ ఆ తిట్లు?"

"మరి ఇన్ని లోపాలతో ఇరవై రెండేళ్లు ఎలా ఉన్నారు?"

నర్సమ్మ పిన్నిని ఎగాదిగా చూసింది. "మీవారిలో లోపాలెన్ని?"

"పెద్దవి నాలుగు," అంది పిన్ని తడుముకోకుండా. "చిన్నవి లెక్కపెట్టడం మానేశాను."

"పెళ్లికి ముందు ఎన్నిసార్లు చూశారు?"

"ఒక్కసారి. అదీ తలెత్తి సరిగ్గా చూడలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నర్సమ్మ టీ పెట్టి ఇచ్చింది. అయినా పిన్ని పిన్నే కదా. లేవబోతూ, "వానలో ఒకసారి చూసి మాట చెప్తానండీ" అంది.

"వాన నెల దాటితేగాని రాదండీ. ఇంకొకళ్లు కూడా అడుగుతున్నారు. ఆదివారంలోపు చెప్పేయండి."

పిన్ని దారంతా ఆలోచిస్తూ నడిచింది. పద్దెనిమిది ఇళ్లలో ఈ ఒక్కదాంట్లోనే కూర్చున్నచోటి నుంచి లేవబుద్ధి కాలేదు. మిషన్‌కి కిటికీ వెలుతురు ఎడమ వైపు నుంచి పడుతుంది, అచ్చం కావలసినట్టు. ఈ మాట ఆయనకి ఎలా చెప్పాలా, ఎంతసేపు ఊరించి చెప్పాలా అనుకుంటూ ఇల్లు చేరింది. కండక్టరు కుర్చీలో కూర్చుని చెప్పుల పట్టీ బాగు చేసుకుంటున్నాడు.

"మన డిపో వెనక సందులో ఒక వాటా ఖాళీ ఉందిటోయ్. అడ్వాన్సు ఇచ్చేసి వచ్చాను," అన్నాడు తలెత్తకుండా.

"అద్దెకా? నాతో ఒక మాట అనకుండానే?"

"ఇంకేం చెయ్యమంటావు? నెలాఖరు దగ్గరికొచ్చింది."

"కుళాయిలు విప్పి చూశారా? గోడలు చూశారా?"

"ఏమీ చూడలేదు."

"ఎందుకని?"

"చూసి ఏం లాభం? రెండేళ్లకి అదీ ఖాళీ చేస్తాం కదా."

కోపంతో అని ఉంటే పిన్ని పది మాటలు అప్పజెప్పేది. ఆయన మామూలుగా, రేపు పాలవాడు రాడని చెప్పినంత మామూలుగా అన్నాడు. ఈ మనిషి ఆశ వదిలేసుకున్నాడని, ఎప్పుడు వదిలేసుకున్నాడో కూడా తను చూసుకోలేదని పిన్నికి అప్పుడు తెలిసింది. ప్రతి గోడ వెనకా ఏముందో కనిపెట్టే తనకి పక్కనున్న మనిషి మొహం కనిపించలేదు. సిగ్గేసింది.

నేల మీద పీట కూడా వేసుకోకుండా కూర్చుండిపోయింది.

"నాకు భయమండీ," అంది చివరికి. "వేరేవాళ్లకి చెప్పేటప్పుడు భయం లేదు. అద్దె ఇంట్లో తప్పు బయటపడితే వాళ్లని నాలుగు తిట్టి సామాను సర్దుకుంటాం. సొంతంగా కొన్నాక బయటపడితే? ఎంపిక చేసింది నేనే కదా. మీ ముప్పై ఏళ్ల కష్టం నేను పాడు చేసినట్టు అవదూ?"

కండక్టరు చెప్పు పక్కన పెట్టాడు. "ఇన్నాళ్లూ నువ్వు ఇల్లు నచ్చక వద్దన్నావనుకున్నానే!"

"పద్నాలుగోది నచ్చింది. తొమ్మిదోదీ నచ్చింది."

"ఓసి నీ..." అని, కండక్టరు మిగతాది మింగేశాడు. తర్వాత చాలాసేపు నవ్వాడు. పిన్నికి నవ్వు రాలేదు, కళ్లు తుడుచుకుంది. "పాడైతే ఇద్దరం కలిసి పాడు చేసుకుందాం. నువ్వొక్కదానివే ఎందుకు మోస్తావు?" అన్నాడాయన.

ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడే ఇద్దరూ వెళ్లి నర్సమ్మకి మాటిచ్చారు. వాన చూడకుండా పీట పిన్ని ఔనందన్న కబురు గుప్పుమంది. నమ్మనివాళ్లు ఇంటికొచ్చి మరీ అడిగి వెళ్లారు. అల్లుడైతే, "అత్తయ్యగారూ, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. కాగితాలన్నీ ఒక లాయరుకి చూపించుకుని, సంతకాలు అయ్యాకే సామాను కట్టారు. అంతవరకూ పిన్ని పిన్నే. డిపో వెనక వాటా వాళ్లు అడ్వాన్సులో సగం పట్టుకుని సగమే తిరిగిచ్చారు. కండక్టరు దానికీ నవ్వాడు.

ఇంట్లో దిగిన మూడో వారం, మధ్యాహ్నం రెండు దాటాక మొదటి వాన వచ్చింది. పిన్ని మిషన్ మీద యూనిఫారం చేతులు కుడుతోంది. కిటికీ టపటపా కొట్టుకుంది. గుమ్మం తలుపు ఉబ్బింది. నర్సమ్మ చెప్పినవన్నీ చెప్పినట్టే జరుగుతుంటే పిన్ని తృప్తిగా తల ఆడించుకుంది. అప్పుడు హాలు నడిమధ్య, పైకప్పు నుంచి, ఎవరూ చెప్పని ఒక చుక్క టప్పున నేల మీద పడింది. వెనకే ఇంకొకటి. ఆ తర్వాత లెక్క లేదు.

పిన్ని మొహం ఎర్రబడింది. మిషన్ మీద దుప్పటి కప్పింది, గొడుగు తీసింది, చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"ఎక్కడికోయ్ ఈ వానలో?" అన్నాడు కండక్టరు లోపలి నుంచి.

"ఎక్కడికేమిటండీ! ఇంత అద్దె పోసి మనం ఉంటుంటే నడి హాల్లో కారడమేమిటి? ఓనరుతో ఇవాళ అటో ఇటో తేల్చుకుని వస్తాను!"

భుజంతో తలుపు తోసి, విసవిసా వీధిలోకి వెళ్లిపోయింది. సందు మలుపు దాకా అదే ఊపులో నడిచింది. అక్కడ ఆగింది. ఎడమకి చూసింది, కుడికి చూసింది. గొడుగు అంచు నుంచి నీళ్లు కారుతుంటే వాన మధ్యలో అలాగే నిలబడిపోయింది. వెనక్కి తిరిగి ఇంటి వంక చూసింది. తన ఇల్లుగా ఆ ఇంటిని ఆవిడ చూడటం అదే మొదటిసారి.

తిరిగొచ్చేసరికి కండక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"దొరికిందా ఓనరు?"

పిన్ని గొడుగు దులిపి, గోడకి ఆనించింది.

"దొరికింది. మహా మొండి మనిషండీ. ఏమన్నా సరే, ఈ ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యనంటోంది," అని, చుక్కల కింద పెట్టడానికి గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లింది.