అందుకునే చెయ్యి

రాబర్ట్‌సన్‌పేట లైబ్రరీలో ఇంగ్లీషు క్రియల మీద ఒక పాత పుస్తకం ఉంది. పదో తరగతితో బడి మానేసిన నేను ఇంగ్లీషంతా ఆ బల్లల దగ్గరే నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకు గర్వమే. చిన్న క్రియ పక్కన ఇంకో చిన్న మాట చేరి కొత్త అర్థం పుట్టడం చూస్తే భలే ఇష్టంగా ఉండేది. హ్యాండ్ అంటే చేతికివ్వడం, ఓవర్ అంటే మీద. రెండూ కలిస్తే, తన దగ్గరున్నదాన్ని బాధ్యతతో సహా ఇంకొకరికి అప్పగించడం. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు తాళంచెవులు హ్యాండోవర్ చేస్తారు. దొంగను పట్టుకున్నవాళ్ళు పోలీసులకు హ్యాండోవర్ చేస్తారు. బిడ్డ చేతిలో మిఠాయి పెడితే ఆ మాట వాడరు. పుస్తకం చెప్పింది ఇంతవరకే.

మిగతాది మా నాయన దగ్గర తెలుసుకున్నాను. ఆయన చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. మనుషులు నిలబడిన ఇనుప బోనును, అంటే కేజ్‌ను, భూమిలోకి దింపడం, మళ్ళీ పైకి లాగడం ఆయన పని. షిఫ్టు మారేటప్పుడు వాళ్ళకొక పద్ధతి ఉండేది. రిలీఫ్‌గా వచ్చినవాడు లీవరు మీద చెయ్యి వేసి "నా చేతిలో ఉండాది" అని పైకి అనాలి. ఆ మాట వినేదాకా కూర్చున్నవాడు లేవకూడదు. గని మూసిన రోజు నాయన తర్వాత షిఫ్టుకు ఎవరూ రాలేదు. సైరన్ మోగినా ఆయన కుర్చీలోనే ఉండిపోతే, పైవాళ్ళు వచ్చి ఇంటికి పొమ్మన్నారట. ఇది అమ్మ చెబితేనే తెలిసింది. నాయన ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

పోయిన ఏడాది అమ్మ మంచాన పడింది. కిడ్నీలు పాడయ్యాయి. ఇంక ఇంట్లోనే పెట్టుకోమని డాక్టర్లు చెప్పారు. నాయన మంచం పక్కన చేతుల కుర్చీ వేసుకున్నాడు. అక్క రోజూ తను ఉండే క్యాసంబళ్ళిలో పాలు పిండి, డెయిరీకి పోసి, బస్సెక్కి వచ్చేది. అంగడిలో పని అయ్యాక సాయంత్రాలు నేను కూర్చునేవాణ్ణి. అయితే కుర్చీ మీద చెయ్యి వేసి మేము ఆ మాట అననిదే నాయన లేచేవాడు కాదు. మేము వచ్చేదాకా తిండీ లేదు, నిద్రా లేదు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, కాళ్ళు వాచిపోయాయి. అమ్మకంటే ముందు ఆయనే పోతాడేమోనని మాకు భయం పట్టుకుంది.

అక్కకు మొదట్లో విసుగు.

"అమ్మేమన్నా కేజా నాయనా? యాడికీ పడిపోదులే, లెయ్యి."

అమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "పైకి లాగతాడో, కిందికి దింపతాడో అడుగు ముందు."

మేమిద్దరం నవ్వాము. నాయన నవ్వలేదు.

ఒక ఆదివారం పొద్దున నేను వంటింట్లో రాగి గంజి కాస్తున్నాను. అక్క బస్సు ఇంకా రాలేదు. గంజి తీసుకుని వెళ్ళేసరికి అమ్మ పోయింది. నాయన కుర్చీలో నిటారుగా కూర్చుని ఆమె ముఖమే చూస్తున్నాడు. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చారు. అక్క వచ్చి ఏడ్చింది. మంచం మీదున్న మనిషిని నేల మీదికి మార్చాలి, కుర్చీ అడ్డం. ఎంతమంది చెప్పినా నాయన కదలలేదు. ఎవరో భుజం పట్టుకుంటే విదిలించుకున్నాడు.

"రిలీఫ్ రాలేదప్పా ఇంగా," అన్నాడు నాతో, మెల్లగా.

అక్క కుర్చీ మీద చెయ్యి వేసింది. మాట రాలేదు. చెయ్యి తీసేసి గోడవైపు తిరిగింది.

నేను వెళ్ళి కుర్చీ చేతిని పట్టుకున్నాను. చెక్క వెచ్చగా ఉంది.

"నా చేతిలో ఉండాది నాయనా."

ఆయన నా ముఖం చూడలేదు. చేతిని చూశాడు, వేళ్ళు గట్టిగా పట్టాయో లేదో చూసుకున్నట్టు. తర్వాత మంచం అంచు పట్టుకుని లేచి, బయట అరుగు మీద చాప కూడా లేకుండా పడుకున్నాడు. క్షణంలో నిద్రపోయాడు.

నేను ఆ కుర్చీని కాస్త పక్కకు జరిపి అందులో కూర్చున్నాను. నలుగురూ కలిసి అమ్మను నేల మీదికి దింపేదాకా లేవలేదు.