పెద్ద ఓబులేసు ఫైలు

మొన్న మా చెల్లెలి కొడుకు గుంతకల్లు నుంచి వచ్చి, లాప్‌టాప్ ముందేసుకుని షెల్ స్క్రిప్టని ఏదో చిన్న ప్రోగ్రాము రాశాడు. ఫైలు పేరు మామూలుగా ఇస్తే దాన్ని ఎవరికీ అంతుపట్టని అక్షరాల ముద్దగా మారుస్తుందట, అడిగినప్పుడు మళ్లీ అసలు పేరుతో తెరుస్తుందట. టెస్టు చేశాను, పాసయింది మామా అన్నాడు. ఏ పేర్లతో చేశావురా అని చూస్తే ఎ, బి, సి అని మూడు ఫైళ్లు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే అలాంటి టెస్టు ఒకటి నా కళ్లముందే పాసయి మా నాయన కడుపు కోయించింది.

అప్పట్లో నేను అనంతపురంలో ఒక స్కానింగు సెంటర్లో కంప్యూటరు చూసుకునేవాణ్ణి. ఆ రోజుల్లో ఉద్యోగాలు చేసిన మీకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటరుకు ఏసీ గది, పేషెంట్లకు కిర్రుమనే ఫ్యాను. ఎక్కడినుంచో వచ్చిన మా మేనేజరు మే నెల ఎండలో కూడా టై విప్పేవాడు కాదు. ఎవరి స్కాను ఏదో బయటివాళ్లకు తెలియకూడదని ఆయన ఇలాంటి స్క్రిప్టే రాసి, తన పేరు, భార్య పేరు, కూతురి పేరు పెట్టి పరీక్షించి, ఘనకార్యం చేసినట్టు అందరికీ టీ పోయించాడు. మన ఊళ్ల పేర్లతో కూడా ఒకసారి చూద్దాం సార్ అంటే, పేరు పేరే కదయ్యా అని కొట్టిపారేశాడు. అంతా కంప్యూటర్లో భద్రంగా ఉంటుందని పేషెంట్లకు ఫిల్ములివ్వడం కూడా మాన్పించాడు.

మొక్కుకున్న దేవుడి పేరే కొడుకులందరికీ పెట్టి, పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు అని విడదీసుకునే ఇళ్లు మనవి. మా నాయన పెద్ద, చిన్నాయన చిన్న. ఆ స్క్రిప్టేమో పేరు మధ్యలో ఖాళీ రాగానే ఆగిపోయి, మొదటి మాట పట్టుకుని మిగతాది వదిలేసేది. శింగనమల నుంచి వచ్చిన పెద్ద ఓబులేసైనా, కణేకల్ నుంచి వచ్చిన పెద్ద లక్ష్మమ్మైనా దానికి ఉత్త ‘పెద్ద’, అందరికీ ఒకే రహస్యపు పేరు, వెనకొచ్చిన ఫైలు ముందున్నదాన్ని తుడిచేసి కూర్చునేది.

నాయనకు కడుపునొప్పి తిరగబెట్టింది. లోపలి గడ్డ పాతదా, కొత్తగా పెరుగుతున్నదా తేల్చడానికి డాక్టరు మా సెంటర్లోనే తీసిన పాత స్కాను అడిగితే, నాయన పేరు కొట్టి తెరిచాం. తెరమీద ఎవరో ఆడమనిషి గర్భం. నాయన వంగి చూసి, “ఏమప్పా, నా కడుపులో బిడ్డ ఉండాదా? ఈ వయసులో సాకేదెట్లా?” అన్నాడు. అందరూ నవ్వారు. మేనేజరు మాత్రం, టెస్టింగులో బాగానే వచ్చిందండీ అని గొణుగుతూ టై సవరించుకున్నాడు. ఆ తెలివికి దండం పెట్టడం తప్ప ఏం చేయగలం.

పోల్చి చూడటానికి పాతది లేక, అనుమానం మీద కోశారు. తీరా చూస్తే ఏళ్లుగా ఉన్న కొవ్వుగడ్డ, ఏ హానీ చేయనిది. ఆ కోత తర్వాత నాయన బతికినన్నాళ్లూ శెనక్కాయ చేలో మళ్లీ గుంటక పట్టలేదు.

అందుకే మేనల్లుడి స్క్రిప్టుకు నేను మొదట నాయన పేరే కొట్టాను, మధ్యలో ఖాళీతో సహా. అది సగం పేరు మింగి చతికిలబడింది. వాడేమీ నొచ్చుకోలేదు.

“ఇట్లాంటి పేర్లు ఇప్పుడు యాడుండాయి మామా?” అన్నాడు.

తిట్టబోయి ఆగిపోయాను. మా ఇంటి పిల్లల పేర్లన్నీ తలచుకుంటే అన్నీ ఒక్క మాట పేర్లే, ఆ మేనేజరు కూతురి పేరులాంటివే. ఆయన స్క్రిప్టు ఇప్పుడు మా ఇంట్లో ఏ తప్పూ లేకుండా నడుస్తుంది. దాన్ని ఎవరూ దిద్దలేదు గానీ, దానికి సరిపోయేట్టు మన పేర్లు మనమే దిద్దుకున్నాం. నాయన పేరు పెట్టుకున్న మనవడు మా ఇంట్లో ఒక్కడూ లేడు.