దుర్గాంబ గారి గురి

ఆర్.కె. పురం సర్కారీ క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ దుర్గాంబని అసలు పేరుతో పిలిచిన పిల్లలు లేరు. అందరికీ ఆవిడ బందూక్ ఆంటీ. అమలాపురం పక్కన పుట్టి, మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుగా పనిచేసే శేషగిరిని పెళ్లి చేసుకుని, రెండు సూట్‌కేసులతో ఢిల్లీలో దిగిన మనిషికి ఆ పేరు రావడానికి కారణం ఒక ప్లాస్టిక్ తుపాకి.

కొడుకు రఘురామ్ అయిదో తరగతిలో ఉండగా శేషగిరి పాలికా బజార్‌నుంచి ఒక టీవీ గేమ్ తెచ్చాడు. దాన్ని టీవీకి తగిలించి, పైన పసుపు రంగు క్యాసెట్ గుచ్చితే ఆట మొదలవుతుంది. మొదలవకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊది మళ్లీ గుచ్చాలి. ఆ ఊదుడు వల్ల ఉపయోగం ఉందో లేదో ఎవరికీ తెలియదు గానీ, ఊదకుండా గుచ్చిన వాడిని దేశంలో ఎవరూ చూడలేదు.

అందులో తుపాకితో ఆడే ఆట ఒకటే. రెల్లుదుబ్బుల్లోంచి కొంగలు లేస్తాయి. తెర దాటిపోయేలోగా వాటిని కాల్చాలి. గురి తప్పితే రెల్లులోంచి ఒక కప్ప తల పైకెత్తి వెక్కిరిస్తుంది. మొదటిసారి ఆ కప్ప వెక్కిరించినప్పుడు దుర్గాంబకి ఒళ్లు మండింది. హిందీ రాదని కూరగాయలవాడు వెక్కిరిస్తే ఊరుకుంది. చపాతీ గుండ్రంగా రాలేదని పక్కింటావిడ వెక్కిరిస్తే ఊరుకుంది. కప్ప వెక్కిరిస్తే మాత్రం ఊరుకోలేదు. మొగుడు ఆఫీసుకీ కొడుకు ఆటలకీ పోయాక తలుపు గడియ వేసుకుని, చీర కొంగు నడుముకి చుట్టి, వేసవి అంతా కాల్చింది. సెలవులు అయ్యేసరికి ఆ బ్లాకులో ఆవిడ ముందు నిలబడే పిల్లాడు లేకుండా పోయాడు.

రఘురామ్ ఒక్కడే ఒకసారి తల్లిని ఓడించాడు. ఎలాగా అని చూస్తే, టీవీ వైపు కాకుండా గోడ మీది బల్బు వైపు తుపాకి తిప్పి కాలుస్తున్నాడు. ఆ చవకబారు తుపాకికి బల్బుకీ కొంగకీ తేడా తెలియదు. దుర్గాంబ వాడి చెవి మెలిపెట్టి, "బల్బు దొంగా!" అని పేరు పెట్టింది. ఆ పేరు వాడి పెళ్లిపందిరి దాకా వచ్చింది.

తర్వాత క్వార్టర్లు పోయాయి. శేషగిరి రిటైరై, వసంత్ కుంజ్‌లో ఫ్లాటు తీసుకుని, అందులో నాలుగేళ్లు పేపరు చదివి పోయాడు. రఘురామ్ గురుగ్రామ్‌లో పెద్ద ఉద్యోగి అయ్యాడు. అన్నీ మారినా పాత లావు టీవీ, దాని కింద టీవీ గేమ్ మారలేదు. రోజూ సాయంత్రం టీ పెట్టే ముందు దుర్గాంబ ఒక ఆట ఆడేది. కొందరు పొద్దున్నే బీపీ చూసుకున్నట్టు ఆవిడ గురి చూసుకునేది. కొంగలు పడ్డాయంటే చెయ్యి బాగుంది, కన్ను బాగుంది, రోజు బాగుంది.

కోడలు నేహా వచ్చాక ఆ ఇంట్లో ఆటలు ఇంకా పెరిగాయి. నేహా వాళ్లది విజయనగరం, కానీ పుట్టి పెరిగింది కరోల్ బాగ్‌లో. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి వచ్చేది సగం హిందీ. నోయిడాలో ఒక ఫోన్ గేముల కంపెనీలో టెస్టరు. కొత్త ఆట బయటికి రాకముందే ఆడి, ఎక్కడ పాడవుతోందో కనిపెట్టి రాయడం ఆమె పని. జీతం ఇచ్చి ఆటలాడిస్తారని తెలిసిన రోజున దుర్గాంబ ఆ పిల్లని కొత్త గౌరవంతో చూసింది. అయితే ఆ ఫోన్ ఆటలు మాత్రం ఆవిడకి నచ్చలేదు.

"ఇదేం ఆటే నేహా? గెలిస్తే రేపు మళ్లీ రమ్మంటాడు, ఓడితే డబ్బులు కట్టమంటాడు. ఇంటికెళ్లి అన్నం వండుకో తల్లీ అని ఒక్కసారైనా అనడే!"

"అదే కదా అత్తయ్యా బిజినెస్," అని నవ్వేది నేహా.

నిజానికి ఇప్పటి ఆటల్లో సగం ఆటలు కావు, గుమ్మంలో నిలబడి చెయ్యి పట్టుకు లాగే దుకాణాలు. కానీ అన్నిటినీ ఒక గాటన కట్టడానికి దుర్గాంబ మనసు ఒప్పుకోలేదు. నేహా తన పెద్ద ఆటపెట్టె తెచ్చి ఒక గుర్రపు స్వారీ ఆట పెట్టింది. కొండలు, వాగులు, గడ్డి మైదానాలు. దొంగల్ని పట్టుకోవడం ఆట. దుర్గాంబ దొంగల జోలికి పోలేదు. గుర్రాన్ని వాగు ఒడ్డున ఆపి, పొద్దుగూకేదాకా చూస్తూ కూర్చునేది. "గుర్రానికి నీళ్లు పట్టవే, పొద్దున్నించీ తిరుగుతోంది," అనేది. ఆ అత్తాకోడళ్లకి సోఫా మీద పక్కపక్కన కూర్చున్నాక ఇంకో భాష అక్కర్లేకపోయింది.

ఒకరోజు ఆ గుర్రపు ఆట తెరిస్తే ఊరి సంత మాయమైంది. కంపెనీ వాళ్లు సర్వర్ ఆపేశారని నేహా చెప్పింది.

"ఆపెయ్యడమేంటే? మనం కొనుక్కున్నాం కదా?"

"కొనలేదు అత్తయ్యా. ఆడుకోవడానికి పర్మిషన్ తీసుకున్నాం. బస్."

దుర్గాంబ లేచి వెళ్లి తన పసుపు క్యాసెట్‌ని చేత్తో తడిమింది. "దీన్నెవడు ఆపుతాడో చూస్తాను," అంది.

ఆపడం కంపెనీ వల్ల కాలేదు. శుక్లాల వల్ల మొదలైంది. కుడి కంటికి ముందు మంచు పట్టినట్టయి, కొంగలు బూడిద ముద్దల్లా కనపడసాగాయి. ఆవిడ తనకి తెలియకుండానే కుడికన్ను మూసి ఎడమ కంటితో గురిపెట్టడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్లకి ఆ కన్నూ మసకబారింది. కప్ప తలెత్తడం రోజురోజుకీ ఎక్కువైంది. ముందు కుడి కంటికి ఆపరేషన్, నెల పోయాక ఎడమ కంటికి అన్నాడు డాక్టరు.

దుర్గాంబకి భయం లేకపోలేదు. ఆవిడ తల్లి జానకీదేవికి ఎప్పుడో ఒక కంటి శిబిరంలో ఆపరేషన్ చేశారు. మొదటి వారం ఆకులో ఈనెలు కూడా కనబడుతున్నాయని మురిసిపోయింది. తర్వాత ఆ కన్ను పోయింది, భయంతో రెండో కంటికి చేయించుకోక అదీ పోయింది. అయినా దుర్గాంబ ఒప్పుకుంది. కప్ప కోసమే ఒప్పుకుంది.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికొచ్చేసరికి గోడంత కొత్త టీవీ.

"కొత్త కన్నుకి కొత్త టీవీ అమ్మా," అన్నాడు రఘురామ్ గర్వంగా. పాతది ఎక్స్‌చేంజిలో పోయింది. తల్లి మొహం చూసి, "నీ టీవీ గేమ్ దీనికి కూడా తగులుతుంది, నేనే తగిలించా," అని తుపాకి చేతికిచ్చాడు.

నల్ల కళ్లద్దాలు తీసెయ్యొచ్చని డాక్టరు చెప్పిన రోజున, రఘురామ్ ఆఫీసులో, నేహా పక్క గదిలో మీటింగులో ఉండగా దుర్గాంబ ఆటకి కూర్చుంది. రెల్లు కనబడింది, కొంగ లేచింది. కాల్చింది. కప్ప వెక్కిరించింది. మళ్లీ కాల్చింది. మళ్లీ కప్పే. తెర దగ్గరకి జరిగి కాల్చినా ఒక్క కొంగ పడలేదు. మసక కళ్లతో కూడా సగం పడేవి. కొత్త కన్నుతో ఒక్కటీ లేదు.

ఆవిడ టీవీ కట్టేసి చుట్టూ చూసింది. గోడలు తెల్లగా కనబడుతున్నాయి, కిటికీ బయట పావురం కాళ్లు ఎర్రగా కనబడుతున్నాయి. అమ్మకీ మొదటి వారం అలాగే కనబడింది. పైకి బాగానే ఉంది, లోపలేదో చెడింది. ఆవిడ లెక్క అదే. ఎవరికీ చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర రెండో ఆపరేషన్ మాటెత్తిన కొడుకుతో తన నిర్ణయం మాత్రం చెప్పేసింది.

"ఎడమ కంటికి వద్దురా."

"వద్దంటే ఎలా అమ్మా? డేట్ తీసుకోవాలి."

"వద్దన్నాను. ఉన్నదాంతో గడిచిపోతుంది."

"చిన్నపిల్లలా మాట్లాడకు!"

"చిన్నపిల్లలు నీలాగే బల్బుని కాలుస్తారు. పెరుగు వేసుకో."

వారం పాటు ఇంట్లో అదే గొడవ. రఘురామ్ బతిమాలాడు, అరిచాడు, అలిగాడు. దుర్గాంబ కదల్లేదు.

నేహా కంపెనీలో అప్పుడే సగం మంది టెస్టర్లని తీసేశారు. ఇక మిషనే ఆడి మిషనే తప్పులు పట్టుకుంటుందట. మిగిలిన వాళ్లు ఇంట్లోంచి పనిచేస్తూ తమ వంతు కోసం చూస్తున్నారు. ఆ దిగులుతో కాఫీ కోసం బయటికొచ్చిన నేహాకి హాల్లో అత్తగారు కనబడింది. తుపాకిని పాత తువ్వాలులో చుట్టి పాతసామాన్లు కొనే కబాడీవాడికిచ్చే సంచిలో పెడుతోంది.

"అరే అత్తయ్యా! క్యా కర్ రహే హో?"

"పాతదైపోయిందే. తీసెయ్యనీ."

"తుపాకి పాతదైందా, మీరా?"

దుర్గాంబ సంచి పక్కన కూలబడి మొత్తం చెప్పేసింది. అమ్మ సంగతి, ఆ మొదటి వారం సంగతి, కొంగల సంగతి. "ఎంత దగ్గరికెళ్లినా పడవే. ఆ ముదనష్టపు కప్ప పళ్లు కూడా కనబడుతున్నాయి, దానికి పళ్లున్నాయని ఇన్నేళ్లూ నాకు తెలీదు. కొంగ మాత్రం పడదు."

నేహా కూడా పక్కన కూర్చుంది. "పళ్లు కనబడ్డాయా? అయితే కన్ను ఠీక్ ఉంది కదా!"

"కనబడటం వేరు, గురి వేరు."

"అచ్ఛా, ఏక్ మినిట్. మా పనిలో మొదటి రూలు, ఆడేవాళ్ల తప్పని ముందే అనుకోకూడదు." తుపాకి తీసుకుని, మళ్లీ తగిలించి ఆట పెట్టి, తెరకి ఆనించి కాల్చింది. కప్ప. మళ్లీ కాల్చింది. కప్ప. "చూడండి, నా కళ్లు కూడా పోయాయి."

దుర్గాంబకి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చినట్టు దేవుడి అలమర వైపు చూసింది. అందులో వెంకటేశ్వరస్వామి పటం మీద పాతకాలపు పచ్చ బల్బు ఒకటి వెలుగుతోంది. ఇంట్లో తీగ బల్బు అదొక్కటే.

"ఆ తుపాకి ఇటియ్యవే. తండ్రీ, తప్పుగా అనుకోకు," అని దేవుడికి గురిపెట్టి కాల్చింది.

వెనక టీవీలో కొంగ టపీమని పడింది.

నేహా సోఫా మీదికి ఎగిరింది. "అత్తయ్యా! తుపాకి బాగుంది! దీంట్లోంచి ఏమీ రాదు, ఇది వెలుగుని చూస్తుందంతే. పాత టీవీ వెలుగు దీనికి కనబడేది, కొత్త టీవీది కనబడట్లేదు. తప్పు మీది కాదు, టీవీది!"

"తుపాకి బాగుందని తెలిసింది. నా గురి బాగుందని ఎక్కడ తెలిసిందే? బల్బుని మీ ఆయన కూడా కొడతాడు."

అది నిజమే. పాత లావు టీవీ మీద కొడితే గానీ తేలదు. ఢిల్లీలో పాతదాన్ని ఉంచుకున్న మనిషిని ఎవరూ క్షమించరు, అందుకే అలాంటి టీవీ ఎవరింట్లో ఉందో ఇద్దరికీ తట్టలేదు. చివరికి దుర్గాంబకే గుర్తొచ్చింది. బేర్ సరాయ్‌లో తెలిసినావిడ మాణిక్యాంబ నడిపే మెస్సు. అక్కడ బీరువా మీద లావు టీవీ ఒకటి పొద్దస్తమానం తెలుగు వార్తలు అరుస్తూ ఉంటుంది.

మర్నాడు భోజనాల రద్దీ తగ్గాక అత్తాకోడళ్లు టీవీ గేమూ తుపాకీ పెట్టిన సంచితో ఆటో దిగారు. మాణిక్యాంబ సంచిలోంచి తుపాకి బయటికి రావడం చూసి చేతిలో గరిటె పట్టుకునే నిలబడిపోయింది.

"ఏంటి దుర్గాంబ గారూ, మెస్సు దోచుకోవడానికొచ్చారా? పప్పు అయిపోయింది, సాంబారే ఉంది."

"మీ టీవీ ఒక్క పావుగంట ఇప్పించండి, చాలు."

సివిల్స్‌కి చదివే కుర్రాళ్లు నలుగురు పెరుగన్నం దగ్గర ఉన్నారు. టీవీలో వార్తలు పోయి రెల్లు రాగానే తలలెత్తారు. అందరిలో పెద్దవాడు శివకుమార్, కటవారియా సరాయ్ గదుల్లో జుట్టు పల్చబడేదాకా చదివినవాడు, "ఆంటీ, ఇది సిలబస్‌లో లేదే!" అన్నాడు.

"ఉన్నదంతా చదివేశావా నాయనా?" అంది దుర్గాంబ, తెర మీంచి చూపు తిప్పకుండా.

మిగతా ముగ్గురూ ఘొల్లుమన్నారు.

కొంగ లేచింది. అలవాటుగా కుడికన్ను మూసి, ఎడమ కంటితో గురిపెట్టి కాల్చింది. కప్ప తలెత్తింది. రెండో కొంగ. మళ్లీ కప్ప. మెస్సులో నవ్వులు తగ్గాయి. దుర్గాంబ తుపాకి ఇంకా గట్టిగా పట్టుకుంది. నేహా గోళ్లు కొరుకుతూ అత్తగారి మొహమే చూస్తోంది. హఠాత్తుగా అరిచింది.

"అత్తయ్యా, కుడికన్ను ఎందుకు మూశారు? ఆపరేషన్ దానికే కదా!"

దుర్గాంబ తుపాకి దించి తన కన్ను తనే తడుముకుంది. ఇన్నాళ్ల అలవాటు. నయమైన కన్ను మూసి, నయం కాని కన్నుతో కాలుస్తోంది. ఊపిరి గట్టిగా తీసుకుని ఎడమకన్ను మూసింది. కుడికన్ను తెరిచింది.

కొంగ రెల్లులోంచి తెల్లగా, ఈక ఈకా విడివిడిగా లేచింది. కాల్చింది. పడింది. ఇంకోటి లేచింది. పడింది. ఒక దాని వెనక ఒకటి రెండు వైపులా ఎగిరాయి, రెండూ పడ్డాయి. శివకుమార్ కంచం పక్కకి తోసి లేచి నిలబడ్డాడు. మాణిక్యాంబ, "అయ్యబాబోయ్, ఈవిడ సామాన్యురాలు కాదు," అంటూ గరిటెతో టేబుల్ మీద దరువు వేసింది. ఆట ముగిసేదాకా కప్పకి తల ఎత్తే పని పడలేదు.

దుర్గాంబ కళ్లు తుడుచుకుంది, రెండూ. నేహా ఫోన్ కలిపి చేతికిచ్చింది.

"ఒరేయ్ రఘూ, ఎడమ కంటికి డేట్ తీసుకో. ఎందుకని అడక్కు. నీ కొత్త టీవీలో పౌరాణికాలు చూస్తాలే, అది ఉండనీ." అటువైపు నుంచి ఏదో అడుగుతుండగానే ఫోన్ నేహాకిచ్చేసి, మాణిక్యాంబ వైపు తిరిగింది. "రోజూ మూడింటికి మీ మెస్సు ఖాళీయే కదండీ?"

"మీకోసం ఖాళీ చేయిస్తాను. వీళ్లెలాగూ చదవట్లేదు."

"ఆంటీ, ఒక్క ఛాన్స్," అని కుర్రాళ్లు వరసకట్టారు.

"ఉండండి, ఒక్కటి మిగిలింది," అని దుర్గాంబ మళ్లీ తుపాకి ఎత్తింది. ఈసారి కావాలనే కుడికన్ను మూసుకుంది. కొంగ బూడిద ముద్దలా లేచి, తప్పించుకుపోయింది. కప్ప తలెత్తింది. రెండు కళ్లూ తెరిచి దాని పళ్లన్నీ తీరిగ్గా చూసింది.

"నవ్వుకో నాయనా, నవ్వుకో," అంది దుర్గాంబ. "ఈ కంటికి కూడా ఆపరేషన్ అవనీ, నీ పని చెప్తా."