ఆవకాయ సీసా మీద ట్రెంటన్‌లో విచారణ

జెర్సీ సిటీలో ఎండుమిరపకాయలు వేయించే ఉద్దేశం మీలో ఎవరికైనా ఉంటే ముందు ట్రెంటన్‌కి దారి తెలుసుకోండి. నేను ఎనభై ఆరు వేసవిలో, ఒక మంగళవారం నాడు తెలుసుకున్నాను.

అప్పటికి కారప్పొడుల కొట్టు పెట్టి ఏడాదిన్నర. మిరపకాయలు వేయించిన రోజున వీధి వీధంతా నన్ను తలుచుకుని దగ్గేది. ఎదురు సెలూన్ టోనీ ఓర్చుకోలేక రాష్ట్ర పర్యావరణ శాఖకి ఫోన్ చేసి, ఆ సంగతి నాకే చెప్పాడు. వారం తిరిగాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఏదో యంత్రం తెస్తాడనుకున్నాను, ముక్కు తెచ్చాడు. అక్కడి పద్ధతి అది. ముందు ఫిర్యాదు చేసినవాడి దగ్గర నిలబడి స్వయంగా వాసన చూడాలి, గాలి ఎటు వీస్తోందో, వాసన ఎంతసేపు నిలిచిందో రాసుకోవాలి. ఆ తర్వాతే మన గుమ్మం ఎక్కాలి. ఆయన తొమ్మిదిసార్లు తుమ్మి, తొమ్మిదీ రాసుకుని నా దగ్గరికొచ్చాడు.

కన్నీళ్ళతో వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో ఎలా పంపను? ఆవకాయ సీసా ఇవ్వబోతే వద్దన్నాడు. మొహమాటమనుకున్నాను. మనవాళ్ళు మూడుసార్లు వద్దనందే దేన్నీ పుచ్చుకోరు కదా! ఆయన కాగితాలు సర్దుకునేలోగా వెళ్ళి కారు సీటు మీద పెట్టి వచ్చాను.

రెండు వారాలకు నోటీసు వచ్చింది. మొదటి పేరా వాసన గురించి. రెండోది అధికారికి వస్తువు ఇవ్వజూపడం గురించి. మంగళవారం పదింటికి ట్రెంటన్‌లోని శాఖ ఆఫీసుకి విచారణకి రమ్మన్నారు. ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి కాబట్టి మా బావగారి చేత చదివించుకున్నాను. ఆయన కెమికల్ ఇంజనీరు.

"లంచం కింద లెక్కేశారంటే వాసనకి పెట్టాల్సిన పొగగొట్టానికి పర్మిట్ ఇవ్వరు. పర్మిట్ లేకపోతే షాపు క్లోజ్" అన్నాడు. విచారణ రోజున సెలవు పెట్టి నాతో వస్తానన్నాడు కూడా.

ఉదయం 7.20కి జర్నల్ స్క్వేర్‌లో రైలెక్కి నెవార్క్‌లో దిగాం. ట్రెంటన్ బండి 7.52కి. టికెట్ల కిటికీ దగ్గర బావగారు రానూపోనూ టికెట్టు అడిగాడు.

"పోను సరే, రాను కూడా ఇప్పుడే కొనాలా బావగారూ?"

"నిన్ను అక్కడే ఉంచేసుకుంటారా ఏంటి? అంత లక్కు మీ అక్కకి లేదు."

కండక్టరు టికెట్టుకి చిల్లు పొడిచి, చూసేసిన గుర్తుగా ఒక చీటీ మా ముందు సీటుకి గుచ్చిపోయాడు. పక్కన ఊలు అల్లుకుంటున్న ముసలావిడ ఏం పని మీద వెళ్తున్నారని అడిగింది.

"ఊరగాయ ఇచ్చినందుకు పిలిచారమ్మా."

"అయ్యో, పాడైపోయిందా?"

"లేదు, బాగుంది. అదే గొడవ."

ఆవిడ ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దిగేదాకా మళ్ళీ నావైపు చూడలేదు. 9.05కి ట్రెంటన్. స్టేషన్ నుంచి ఆఫీసుకి పావుగంట నడక. దారిలో కాఫీ దొరుకుతుంది కానీ దాన్ని తాగడానికి కొంచెం గుండెధైర్యం కావాలి.

"నువ్వు సైలెంట్‌గా ఉండు. నేను హ్యాండిల్ చేస్తాను" అన్నాడు బావగారు మెట్ల మీద.

పది గంటలకు లోపలికి పిలిచారు. బల్లకి అటువైపు పెద్ద కళ్ళద్దాల ఆఫీసరమ్మ, పక్కన మన తుమ్ముల ఇన్‌స్పెక్టరు. మధ్యలో ప్లాస్టిక్ సంచీలో నా ఆవకాయ. మూతకి సీలు, మెడకి నంబరు చీటీ. అంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు.

బావగారు గొంతు సవరించుకుని మిరపఘాటులోని రసాయనాల గురించి మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపి నన్నడిగింది: "కేసు వదిలేస్తారని ఇచ్చారా?"

నాకొచ్చిన ఇంగ్లీషంతా పోగుచేశాను. "అమ్మా, దేని వాసనకి ఆయన ఏడ్చాడో దాన్నే లంచం ఇస్తానా? గుమ్మంలోకి వచ్చినవాళ్ళందరికీ ఇస్తాను. పోస్ట్‌మ్యాన్‌కి ఇచ్చాను. కరెంటు మీటరు చూసేవాడికి ఇచ్చాను. టోనీకి రెండిచ్చాను."

"మీ మీద ఫిర్యాదు చేసినాయనకా?"

"ఫిర్యాదుకి ముందు నిమ్మకాయ, ఫిర్యాదు తర్వాత మాగాయ."

బావగారు నెత్తి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం నోటుపుస్తకం తిరగేసి, ఒక చోట వేలు పెట్టి, గట్టిగా చదివాడు: "ఫిర్యాదుదారు సెలూన్. తలనూనెల పక్కన ఎర్రటి సీసాలు రెండు. ఒకటి సగం ఖాళీ."

గదిలో అంతా నవ్వారు. నేనొక్కణ్ణే నవ్వలేదు, టోనీ దొంగచాటుగా తింటున్నాడని అప్పుడే తెలిసింది మరి.

రెండో పేరా కొట్టేశారు. మొదటి పేరాకి నవ్వులేమీ పనిచెయ్యలేదు. ముప్పై రోజుల్లో వడపోత ఉన్న పొగగొట్టం పెట్టాలి, అంతవరకు వేపుడు బంద్. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి టోనీ దగ్గర నిలబడతాడు. తుమ్మితే జరిమానా. సీసా నాకే అప్పగించి సంతకం చేయించుకున్నారు. సీలు మాత్రం, కేసు ముగిసిన రోజున ఇన్‌స్పెక్టరే వచ్చి తీస్తాడట.

12.40 బండికి తిరుగుప్రయాణం. అక్క కట్టిచ్చిన పెరుగన్నం పొట్లాలు విప్పాం. నంజుకోవడానికి ఏమీ లేదు. బావగారు నా ఒళ్ళో సీసాని చాలాసేపు చూశాడు.

"ఓపెన్ చేసేద్దాం. ఎవరు చూస్తారు?"

నేను సీసాని అటువైపుకి మార్చుకున్నాను. నేనెరిగిన సర్కారు ఆఫీసుల్లో కోపం చూశాను, దయా చూశాను. వీళ్ళ దగ్గర ఆ రెండూ కనిపించలేదు. నా మాట నమ్మలేదు, నా ఊరగాయ ముట్టలేదు. తమ ముక్కుకి తగిలింది, కంటికి కనిపించింది రాసుకున్నారు. ఆ రాతే నా కొట్టుని నిలబెట్టింది.

"నంబరు వేశారు బావగారూ. ముట్టుకోకండి" అన్నాను.

మెట్రోపార్క్ స్టేషన్ దాటేదాకా మా కెమికల్ ఇంజనీరు ఒట్టి పెరుగన్నమే తిన్నాడు.